తొమ్మిదో రీలు

రేణిగుంటలో గోడౌన్ల వరసలో మూడో గేటు దగ్గర పగటిపూట కాపలా ఉండే గోవిందస్వామిని ఎవరైనా ముందు ఏం పని చేసేవాడివని అడిగితే, ఆపరేటరు అంటాడు. లిఫ్టు ఆపరేటరా, క్రేను ఆపరేటరా, కంప్యూటరు ఆపరేటరా అని రెండో ప్రశ్న వేసే ఓపిక ఈ రోజుల్లో ఎవరికుంది? లారీలు లైన్లో ఉంటాయి, చీటీ మీద ముద్ర పడాలి, డ్రైవరు టీ తాగాలి. అందుకే ఆయన ముప్పై ఒక్క ఏళ్ళు నగరిలో సినిమా ఆడించిన మనిషని ఆ గోడౌన్లలో చాలాకాలం ఎవరికీ తెలియలేదు.

పట్టించుకునేవాడుంటే ఒక గుర్తు మాత్రం ఉంది. ఆయన దగ్గు. రెండుసార్లు గట్టిగా, కాస్త ఆగి మూడోది చిన్నగా. పాత మిషన్లలో కార్బన్ కడ్డీలు రెండు ఎదురెదురుగా మండితేనే తెర మీద వెలుగు పడేది. ఆ పొగ గొట్టం గుండా పైకి పోవాలి. సగం పైకి పోయేది, సగం ఆపరేటరు రొమ్ములోకి పోయేది. బీడీ కూడా ముట్టని మనిషికి ఈ దగ్గేమిటయ్యా అని డాక్టరు అడిగితే, సినిమాలు తాగినాను సార్ అన్నాడట.

వయసు అరవై ఆరు. పిల్లల్లేరు. భార్య జ్ఞానాంబ పోయి ఆరేళ్ళయింది. రైలు పట్టాల పక్కన ఒక గదిలో ఉంటాడు. పొద్దున గ్లాసు బియ్యం వండుకుంటే రెండు పూటలా అదే. గదిలో రెండు కుర్చీలున్నాయి. రెండోది ఖాళీగా కనబడితే మనసు ఒప్పక, దాని మీద బట్టలు మడిచి పెట్టడం మొదలుపెట్టాడు. ఒంటరితనం అంటే ఏవేవో చెబుతారు గానీ, ఆయనకు తెలిసిన ఒంటరితనం చాలా చిన్నది. పొద్దున లేచిన దగ్గర్నుంచి గేటుకు మొదటి లారీ వచ్చేదాకా తన గొంతు తనకే వినబడదు. ‘ఆపప్పా’ అని మొదటి లారీని ఆపినప్పుడు ఆ గొంతు బొంగురుగా వచ్చి, ఇది ఎవరిదా అన్నట్టుండేది.

జ్ఞానాంబ బతికి ఉన్నన్నాళ్ళూ ఒక్క విషయంలో ఆయన్ని వదల్లేదు. పోయి ఆ మనిషికి ఒక మాట చెప్పిరా అనేది. వంకాయలు తరుగుతూ అనేది, బట్టలు ఆరేస్తూ అనేది, ఆఖరికి ఆసుపత్రి మంచం మీద కూడా అనింది. పోతాలే, పోతాలే అని ఈయన ఆమెను సాగనంపాడు. ఇప్పుడు పొమ్మనే మనిషి కూడా లేదు.

ఆ మనిషి పేరు మునిరామయ్య. ఉండేది చంద్రగిరి. రేణిగుంట నుంచి తిరుపతికి ఒక బస్సు, అక్కడ దిగి చంద్రగిరికి ఇంకో బస్సు. కాళ్ళు ఈడ్చుకుంటూ పోయినా గంటన్నర. ఆ గంటన్నర దారి గోవిందస్వామికి ఇరవై ఆరేళ్ళుగా సాగలేదు. మూడుసార్లు బయలుదేరాడు. రెండుసార్లు తిరుపతి బస్టాండులోనే టీ తాగి వెనక్కి తిరిగాడు. మూడోసారి చంద్రగిరి దాకా పోయి, కోట గేటు ముందు కారం చల్లిన దోసకాయ ముక్కలు తిని, వచ్చిన బస్సే ఎక్కాడు. సిగ్గు మనిషికి ఉండాల్సిందే గానీ, మరీ అంత సిగ్గు ఉంటే అది కూడా ఒక రకం పిరికితనమే.

సంగతి అర్థం కావాలంటే షిఫ్టింగు గురించి చెప్పాలి. చిన్న ఊళ్ళకు సినిమా పెట్టె ఒక్కటే వచ్చేది, టాకీసులు రెండు. నగరిలో ఒకటి, పుత్తూరులో ఒకటి. పుత్తూరులో గంటన్నర ముందు ఆట మొదలుపెడతారు. అక్కడ నాలుగైదు రీళ్ళు తిరగగానే ఒక మనిషి ఆ డబ్బాల్ని మోపెడ్‌కి కట్టుకుని నగరికి పరిగెత్తాలి. అవి దించి, ఇక్కడ అయిపోయినవి ఎత్తుకుని మళ్ళీ పుత్తూరు పోవాలి. ఇట్లా రోజంతా. ఒకే సినిమాను రెండు ఊళ్ళు ఒకే పూట చూసేవి, మధ్యలో ఉన్నవాడు మాత్రం రోడ్డు చూసేవాడు.

ఆ మధ్యలో ఉన్నవాడు మునిరామయ్య. పద్నాలుగేళ్ళు రీళ్ళు మోశాడు. ఊళ్ళోకొచ్చిన ప్రతి సినిమా ఆయన వీపు మీదుగానే వచ్చింది, ఒక్కటంటే ఒక్కటి మొదట్నుంచి చివరిదాకా చూసిన పాపాన పోలేదు. అందుకని పొద్దున పూట, గోవిందస్వామి మిషను తుడిచి నూనె వేసుకునే వేళకి, టిఫిను పొట్లం పట్టుకుని క్యాబిన్‌లోకి వచ్చేవాడు. గోవిందస్వామి ఒక చేత్తో రీలు చుడుతూ రెండో చేత్తో కథ చెప్పేవాడు. హీరో గొంతు, విలను గొంతు, ఏడ్చే అమ్మ గొంతు, తలుపు కిర్రుమనే చప్పుడు, అన్నీ ఆయనవే. నువ్వు చెప్పేదే బాగుండాదబ్బా, టికెట్టు కొని సూసేటోళ్ళు పిచ్చోళ్ళు అనేవాడు మునిరామయ్య. గోవిందస్వామి జీవితంలో అంత శ్రద్ధగా ఆయన మాట విన్న మనిషి ఇంకొకడు లేడు. జ్ఞానాంబ కూడా సగం విని కునికేది.

తొంభై ఎనిమిదిలో ఒక సినిమా వచ్చింది. హాల్డన్ అని తెల్లవాడు ఒక గూఢచారి ఉన్నాడు. వాడి మీద ఇప్పటికి ఇరవై రెండు సినిమాలు తీశారు. వేషం కట్టేవాళ్ళు మారుతుంటారు గానీ కోటు మారదు. ఇది పదమూడోది. తెలుగులో మాటలు పెట్టి ‘మంచుకోటలో మొనగాడు’ అని వదిలారు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, గొప్ప సినిమా కాదు. తిట్టుకుంటూ లేచిపోయేంత చెత్త కూడా కాదు. మునుపటివి చూసినవాళ్ళు అలవాటుగా చూస్తారు, చూడనివాళ్ళు ఎండకు జడిసి చూస్తారు. అప్పటికే ఆ హీరోకు వయసు మళ్ళింది. మంచులో పరిగెత్తుతుంటే వాడి మోకాళ్ళ నొప్పి బాల్కనీ దాకా తెలిసేది. విలను ఒంటికన్ను కోటీశ్వరుడు, లోకాన్నంతా గడ్డకట్టించాలని వాడి పంతం. మే నెలలో నగరిలో కూర్చున్న జనానికి అందులో తప్పేముందో ఎంతకీ అంతుబట్టలేదు.

ఆ సినిమాను నిలబెట్టింది మోరిస్ అనే లావుపాటి డ్రైవరు. హాల్డన్ స్నేహితుడు. ఎప్పుడూ ఏదో నములుతుంటాడు. మాటలు రాసినాయన ఎవరో మన పక్క మనిషే అయ్యుండాలి, అందరికీ పుస్తకాల తెలుగు పెట్టి, మోరిస్‌కు మాత్రం అచ్చంగా చిత్తూరు మాట పెట్టేశాడు. మంచుకొండల మధ్య నిలబడి ఆ తెల్లాయన ‘ఏమప్పా హాల్డనూ, యాడికి పోతా ఉండావు, రెండు ముద్దల సంగటి తిని పోదువు రా’ అంటే హాలు కప్పు లేచిపోయేది.

అట్లాంటి మోరిస్ పదకొండో రీల్లో చచ్చిపోతాడు. స్నేహితుణ్ణి తోసి కాపాడి, తాను రోప్‌వే పెట్టెలోంచి లోయలో పడతాడు. తొమ్మిదో రీల్లో మాత్రం నిక్షేపంగా ఉంటాడు. రైల్లో హాల్డన్ పళ్ళెంలోది కూడా లాక్కుని తింటాడు, ఒక స్టేషన్లో దిగిపోతూ వెనక్కి తిరిగి ‘నేను యాడికీ పోనప్పా, నువ్వు ముందు పో, నేను ఎనకాలే వస్తా’ అని చెయ్యి ఊపుతాడు.

మొదటి రోజు మ్యాట్నీకి ఆఖరి విడత డబ్బాలు వచ్చాయి. తొమ్మిది నుంచి పద్నాలుగు దాకా. గోవిందస్వామి తొమ్మిదో డబ్బా మూత తీస్తే లోపల ఖాళీ. పుత్తూరు ఆపరేటరు రీలును చుట్టే చక్రం మీదే వదిలేసి ఉత్త డబ్బా మూసి ఇచ్చాడు. బరువు చూసుకోకుండా కట్టుకొచ్చింది మునిరామయ్య. కింద నుంచి ఓనరు కేకలు, హాల్లో ఈలలు. మునిరామయ్య మళ్ళీ మోపెడ్ ఎక్కాడు. గోవిందస్వామి పది నిమిషాలు ఆగి, ఇక లాభం లేదని పది వేశాడు, పదకొండు వేశాడు. మోరిస్ లోయలో పడ్డాడు. ముందు వరస బెంచీల్లో మగ్గం పనివాళ్ళు తువ్వాళ్ళతో కళ్ళు తుడుచుకున్నారు. పన్నెండు అయిపోవస్తుండగా మునిరామయ్య మెట్లెక్కి వచ్చాడు. చొక్కా పిండితే బిందెడు నీళ్ళొస్తాయి. పోయి రావడానికి నలభై నిమిషాలు పట్టింది. రెండు చేతులా రీలును పట్టుకుని ముందుకు చాపాడు.

ఇప్పుడు ఆ రీలు అక్కర్లేదు. పక్కన పెట్టేసి పదమూడు ఎక్కిస్తే ఎవడికీ అనుమానం రాదు, ఏ ఆపరేటరైనా చేసే పని అదే. గోవిందస్వామి మునిరామయ్య మొహం చూశాడు. ఇంత దూరం పోయి తెచ్చినాడే, ఎయ్యకుంటే ఎట్లా అనుకుని, తొమ్మిదో రీలు ఎక్కించాడు.

చచ్చిపోయిన మోరిస్ రైల్లో కూర్చుని కోడికాలు పీకుతున్నాడు. హాలు ఒక్క క్షణం చడీచప్పుడు లేకుండా అయిపోయింది. తరవాత ఈలలు మొదలయ్యాయి చూడండి, పక్క వీధి మగ్గాలవాళ్ళు ఏదో గొడవనుకుని పరిగెత్తుకొచ్చారు. మోరిస్ బతికినాడు! ఎట్లా బతికినాడని ఒక్కడు అడగలేదు. బతకడమే కావాల్సింది. మునిరామయ్య క్యాబిన్‌లో గోడకు చారగిలబడి, నీళ్ళు తాగుతూ, చిన్న కిటికీలోంచి ఆ ఒక్క రీలూ చూశాడు. ఆ సినిమాలో ఆయన చూసింది అదే. అది కాగానే అయిపోయిన డబ్బాలు ఎత్తుకుని పుత్తూరు పోయాడు.

మర్నాడు జనం రెట్టింపు వచ్చారు. ఓనరు పైకి వచ్చి, ఇక ఇదే వరస, మార్చేది లేదన్నాడు. మిగతా ఊళ్ళలో వారానికే పెట్టె కట్టేసిన సినిమా నగరిలో మూడు వారాలు ఆడింది, పెట్టె ఒకటే గనక దాంతోపాటు పుత్తూరులోనూ. రోజూ మూడు ఆటలూ గోవిందస్వామి తన చేత్తో తొమ్మిదిని పన్నెండు తరవాత ఎక్కించాడు. పొద్దున మునిరామయ్యకు కథ చెప్పేటప్పుడు కూడా పదకొండు దగ్గర కొంచెం మింగేసి, పడినాడు, లేచినాడు, రైలెక్కినాడు అని చెప్పేశాడు.

మూడో వారం ఆదివారం తిరుపతి నుంచి, ఊళ్ళకు సినిమా పెట్టెలు పంపే కంపెనీ మనిషి వచ్చాడు. టికెట్టు కొనుక్కుని జనంలో కూర్చుని మ్యాట్నీ అంతా చూశాడు. చూసి నేరుగా క్యాబిన్‌కు వచ్చాడు, వెనకాల ఓనరు. బొమ్మను ఇష్టమొచ్చినట్టు తిప్పి వేసుకుంటే ఇక ఈ టాకీసుకు పెట్టె రాదు, కాగితం మీద రాస్తాను, ఎవరు చేశారో పేరు చెప్పమన్నాడు. ఓనరు గోవిందస్వామి వైపు చూశాడు. అప్పుడే మునిరామయ్య ఫస్ట్ షో డబ్బాలతో మెట్లెక్కి వస్తున్నాడు.

"రీళ్ళు తెచ్చేటోడు లేటుగా తెచ్చినాడు సార్," అన్నాడు గోవిందస్వామి. "వరస వాడే కలిపేసినాడు. డబ్బాలో ఏమొస్తే అది ఏసినాను నేను."

ఎందుకన్నాడు? భయం. దానికి మించి కారణం లేదు. తరవాత ఆయన ఎన్ని కారణాలు వెతుక్కున్నా అన్నిటి అడుగునా అదే ఉండేది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని పెద్దలు ఊరికే అనలేదు.

అట్లయితే వాడు రేపట్నుంచి పనిలో ఉండడని ఓనరు అక్కడికక్కడే కంపెనీ మనిషికి మాటిచ్చాడు. మునిరామయ్య అంతా విన్నాడు. డబ్బాలు ఒక్కొక్కటే దించి, నంబర్లు చూసి వరసగా గోడకు పేర్చాడు. మోపెడ్ తాళం తీసి పై డబ్బా మీద పెట్టాడు. గోవిందస్వామిని ఒకసారి చూసి దిగిపోయాడు. ఒక్క బూతు మాట తిట్టి ఉంటే గోవిందస్వామి బతుకు తేలికయ్యేది. నెల తిరక్కముందే భార్యా పిల్లతో అత్తగారి ఊరు చంద్రగిరి వెళ్ళిపోయాడని తెలిసింది. తరవాత టాకీసు మూతపడింది, నూలు గోడౌను అయింది. గోవిందస్వామి ఇంకో గోడౌనుకు కాపలాకు వచ్చాడు.

ఇదంతా ఇరవై ఆరేళ్ళు ఆయన కడుపులోనే ఉండిపోయేది, సునీల్‌కుమార్ లేకపోతే. సునీల్‌కుమార్ ఆ గోడౌనులో షిఫ్టు ఇన్‌ఛార్జి. ఇద్దరు పిల్లల తండ్రి, అయినా హాల్డన్ సినిమాలంటే ప్రాణం పెడతాడు. ఇరవై రెండింటికీ మార్కులు వేసి వరస పెట్టుకున్నాడు. ఒక మధ్యాహ్నం అన్నాలు తింటూ ఆ వరస చదువుతుంటే, పదమూడోదానికి ఎన్నో స్థానం అని గోవిందస్వామి అడిగాడు. పదకొండు, యావరేజన్నా, మోరిస్ చచ్చిపోయాక ఇంకేముందందులో అన్నాడు సునీల్‌కుమార్. మోరిస్ చావడప్పా అని గోవిందస్వామి నోటి నుంచి వచ్చేసింది. ఆ పిల్లలతండ్రి పగలబడి నవ్వి, ఫోన్లో ఆ ముక్క తీసి చూపించాడు.

అప్పుడు గోవిందస్వామి కథ చెప్పాడు. ఎన్నాళ్ళకో ఒక మనిషి ఆయన మాట వింటున్నాడు. ఖాళీ డబ్బా, ఈలలు, మూడు వారాలు, అక్కడిదాకా చెప్పాడు. సునీల్‌కుమార్ అన్నం మరిచిపోయి విన్నాడు. విని, చాలా మామూలుగా, మరి ఆ రీలు తెచ్చినాయన ఏమైనాడన్నా అని అడిగాడు.

తెలీదన్నాడు గోవిందస్వామి.

తెలుసు. ఊరూ తెలుసు, కోట వీధీ తెలుసు. అయినా తెలీదన్నాడు. ఆ మాట అన్నాక సగం అన్నం వదిలేసి లేచాడు. అప్పుడు కంపెనీ మనిషికి జడిసి అన్నావు, ఇప్పుడు ఎవరికి జడిసి అన్నావురా అని తనను తానే అడిగాడు. జ్ఞానాంబ ఉంటే ఆ పూట కూడు పెట్టేది కాదు. సినిమాను తన ఫోన్లోకి ఎక్కించమని సునీల్‌కుమార్‌ను అడిగి, ఆదివారం పొద్దున్నే బస్సెక్కాడు. తిరుపతి బస్టాండులో ఈసారి టీ తాగలేదు.

కోట గేటు దగ్గర దోసకాయ ముక్కలు అమ్మే ఆమెనే మునిరామయ్య ఇల్లెక్కడమ్మా అని అడిగాడు. ఆమె కత్తి పక్కన పెట్టి, మా నాయనేనండీ, మీరెవరని అడిగింది. పేరు కోమలి. నగరి నుంచి వచ్చానని మాత్రం చెప్పాడు. పోయినసారి కారం ఎక్కువ చల్లమని అడిగి తీసుకుంది ఈమె చేతి నుంచేనని గుర్తొచ్చి తల వంచుకున్నాడు. నాయనకు చక్కెర జబ్బుతో చూపు పోయి నాలుగేళ్ళయిందని, చింతపండులో గింజలు తీస్తూ అరుగు మీదే ఉంటాడని, పొద్దుపోక ఎవరైనా వస్తే బాగుండునని చూస్తుంటాడని ఆమె చెప్పింది. బేరాలు వదిలి రాలేక వీధి చూపించింది.

మునిరామయ్య నిజంగానే అరుగు మీద ఉన్నాడు. ముందు గోతాం పరిచి చింతపండు కుప్ప, పక్కన గింజల చాట. మనిషి సగమైపోయాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ ఎటూ చూడటం లేదు. గోవిందస్వామి రెండు బస్సుల్లో కూర్చుని కూర్చుకున్న మాటలన్నీ వీధి మొదట్లోనే రాలిపోయాయి. గొంతు సవరించుకోబోతే దగ్గు వచ్చింది. రెండుసార్లు గట్టిగా, ఆగి మూడోది చిన్నగా.

గింజలు తీసే చేతులు ఆగాయి. కాసేపటికి మళ్ళీ కదిలాయి. ఎవురది అని అడిగాడు మునిరామయ్య. నగరి మనిషిని, ఈ పక్క పని మీద వస్తే మన ఊరాయన ఉండాడని చెప్పినారు, సూసి పోదామని వచ్చినాను అన్నాడు గోవిందస్వామి. ఇరవై ఆరేళ్ళ తరవాత కూడా పేరు చెప్పడానికి నోరు రాలేదు. కూర్చోమన్నాడాయన.

కూర్చోబెట్టి ఊరంతా అడిగాడు. దేశమ్మ జాతర ఇప్పుడెట్లా చేస్తున్నారు, మగ్గాలు ఎన్ని మిగిలాయి, రైల్వే గేటు దగ్గర ఇడ్లీలమ్మే నాగులమ్మ ఉందా, ఓనరు ఎప్పుడు పోయాడు, టాకీసు గోడలైనా ఉన్నాయా. అడిగినవాటికి గోవిందస్వామి తెలిసింది చెప్పాడు. ఒక్క ఆపరేటరు సంగతి మాత్రం మునిరామయ్య అడగలేదు. అడుగుతాడేమోనని భయపడిన గోవిందస్వామికి, అడగకపోయేసరికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఏం చెయ్యాలో తోచక ఫోను తీశాడు. పాత సినిమా ఒకటి ఉండాది, ఇంటావా అని అడిగి, పెట్టాడు. మంచులో కారు చప్పుడు, సంగీతం. మునిరామయ్య తల వంచి విన్నాడు. కాసేపటికి మోరిస్ వచ్చాడు. సినిమాకు ఈమధ్య ఎవరో కొత్తగా మాటలు పెట్టారు, మోరిస్ ఇప్పుడు ‘మిత్రమా హాల్డన్, నీవు ఎక్కడికి వెళ్తున్నావు’ అంటున్నాడు. ఎవురప్పా ఈడు, మోరిస్ గొంతు ఇది కాదే అన్నాడు మునిరామయ్య.

గోవిందస్వామి ఫోను ఆపేశాడు. ఆపి, అరుగు మీద మఠం వేసుకుని, మొదటి రీలు నుంచి తానే చెప్పడం మొదలుపెట్టాడు. ‘ఏమప్పా హాల్డనూ, యాడికి పోతా ఉండావు’ అని మోరిస్ గొంతు వచ్చేసరికి మునిరామయ్య మూతి మీద నవ్వు కదిలింది. ఒంటికన్నువాడు గొంతు పెగల్చుకుని నవ్వాడు, కార్లు గుద్దుకున్నాయి, తలుపులు కిర్రుమన్నాయి. వీధిలో పోయేవాళ్ళు తిరిగి తిరిగి చూశారు. మునిరామయ్య చేతులు గింజలు తీస్తూనే ఉన్నాయి. రెండో రీలు, మూడు, అయిదు. గోవిందస్వామి గొంతులో బొంగురు పోయింది. ఎనిమిదో రీలు చివర హాల్డన్ రైలెక్కాడు. అక్కడ ఆయన ఆగిపోయాడు. మళ్ళీ దగ్గొచ్చింది.

"తొమ్మిదో రీలు ఏమైంది గోయిందా?" అన్నాడు మునిరామయ్య.

గోవిందస్వామి ఎప్పుడు కనిపెట్టినావని అడగబోయి, అడగడం దండగని తెలుసుకున్నాడు. ఆ దగ్గు పద్నాలుగేళ్ళు పక్కన కూర్చుని విన్నవాడు.

"తప్పు నాది మునిరామా," అన్నాడు. "వరస మార్చింది నేను. మూడు వారాలూ కావాల్సుకునే ఏసినాను. ఆ పొద్దు భయపడి నీ పేరు చెప్పినాను. నీ కూట్లో మన్ను పోసినాను."

మునిరామయ్య ఒక చింతపండు పూర్తిగా విప్పి, గింజలు తీసి చాటలో వేశాడు. ఇంకోటి తీసుకున్నాడు.

"నలబై నిమిషాలు లేటయినానని నా పని తీసేసినారు," అన్నాడు నింపాదిగా. "నువ్వు ఇరవై ఆరేండ్లు లేటయినావు. నిన్నేం చెయ్యమంటావు, నువ్వే చెప్పు."

గోవిందస్వామికి లేచి పోవాలో కూర్చోవాలో తెలియలేదు. కోట వైపు నుంచి ఏదో బస్సు హారను వినబడింది. చివరికి మునిరామయ్యే చేతులు గోతానికి తుడుచుకుని, మొహం ఇటు తిప్పాడు.

"ఒకటి అడుగుతా, నిజం చెప్పు. మా అల్లుడు అంటాడు, ఆ మోరిస్ సచ్చిపోతాడంట గదా. నేను సూసినప్పుడు బాగనే ఉండె. రైల్లో కూసోని తింటా ఉండె."

అబద్ధం చెప్పడం చాలా సులువు. పడినాడు, లేచినాడు అంటే సరిపోతుంది, ఒకప్పుడు పొద్దున పూట చెప్పినట్టే. చూపు లేని మనిషి, ఎక్కడికి పోయి సరిచూసుకుంటాడు? గోవిందస్వామికి ఆ మాట నాలుక దాకా వచ్చింది.

"సస్తాడు," అన్నాడు. "పదకొండులో సస్తాడు. నీకు నేను చెప్పలేదు."

మునిరామయ్య తల ఊపాడు. ఆ తల ఊపడంలో చచ్చిపోయింది ఒక్క మోరిసేనా, ఇంకేమైనా ఉందా అని గోవిందస్వామికి తెలియలేదు. మునిరామయ్య తడుముకుని చింతపండు కుప్పను ఒక పక్కకు జరిపి, అరుగు మీద గోడకు చారగిలబడ్డాడు, క్యాబిన్‌లో నీళ్ళు తాగుతూ చారగిలబడినట్టే.

"అట్లయితే పది ఎయ్యి. పదకొండు ఎయ్యి, సావనీ," అన్నాడు. "పన్నెండు గూడా అయినాక తొమ్మిది ఎయ్యి."

మునిరామయ్య చెయ్యి చాపి, గాల్లో తడిమి, గోవిందస్వామి మోకాలు మీద వేశాడు.

"ఎయ్యబ్బా," అన్నాడు. "ఇంత దూరం తెచ్చినావు గదా."